నలుగురు స్నేహితులు, ఒక అడ్వెంచర్ రేసు: మొహమాటం దగ్గరే అసలు చిక్కు

ప్రశ్న ఇది: "మాది విజయనగరం. కాలేజీ నుంచి స్నేహితులమైన నలుగురం, ముగ్గురు అబ్బాయిలు, ఒక అమ్మాయి, మొదటిసారి 24 గంటల అడ్వెంచర్ రేసుకు పేర్లిచ్చాం. మాలో ఒకడు గట్టి పరుగువాడు, ఒకడు బాగా నెమ్మది. రేసుతో స్నేహం చెడిందన్న జట్ల గురించి వింటున్నాం. ముందే ఏం చూసుకోవాలి?"

అడ్వెంచర్ రేసంటే మ్యాపు చూసుకుంటూ, నడక, సైకిలు, పడవ మీద, చెక్‌పాయింట్లు (చేరాల్సిన గుర్తు చోట్లు) దాటుతూ జట్టుగా పోయే పోటీ. మీరు కోపతాపాలతో స్నేహం చెడుతుందని భయపడుతున్నట్టున్నారు. కోపం పైకి కనిపిస్తుంది కాబట్టి దానికి మందు వేయొచ్చు. తినేసే పురుగు మొహమాటం. మడమ మండుతుంటే "నా వల్ల అందరూ ఆగాలా" అని ఒకడు నోరు మూసుకుంటాడు. రెండు గంటల తర్వాత బొబ్బ చిట్లి కుంటుతాడు. అప్పుడు జట్టు మొత్తం కుంటుతుంది. మిగతా ముగ్గురూ మొహమాటానికి ఏమీ అనరు, లోపల మాత్రం లెక్క రాసుకుంటారు. ఆ లెక్క ఇంటికొచ్చాక బయటపడుతుంది. కొత్తగా కలిసిన నలుగురికంటే పదేళ్ల స్నేహితులకే ఈ బెడద ఎక్కువ. పరిచయం లేనివాడికి "కాస్త ఆగండి" అని చెప్పేయొచ్చు. ప్రాణస్నేహితుడి ముందు చిన్నబోవడం కష్టం.

ముందు ఆట స్వభావం చూడండి. 1989లో న్యూజిలాండ్‌లో జరిగిన మొదటి రెయిడ్ గొల్వాజ్ అనే రేసు నాటి నుంచీ ఇది జట్టు ఆటే. అప్పట్లో ఐదుగురు, వాళ్లలో ఒక మహిళైనా ఉండాలి. ఇప్పుడు ప్రపంచ సిరీస్ రేసుల్లో ఆడ, మగ కలిసిన నలుగురి జట్టు. నలుగురూ ఒకరికొకరు దగ్గరగా కదలాలి. చాలా రేసుల్లో హద్దు 100 మీటర్లు, మీ రేసు నిబంధనల కాగితంలో ఎంత రాశారో చూసుకోండి. ఒకరు తప్పుకుంటే మిగతా ముగ్గురికి ర్యాంకు ఉండదు. అంటే మీ జట్టు వేగం మీ నెమ్మదివాడి వేగమే. మీ పరుగువాడు 300 మీటర్లు ముందుకెళ్లి, రాయి మీద కూర్చుని ఎదురుచూస్తే జట్టుకు ఒక్క సెకను కూడా కలిసిరాదు. పైగా వెనకవాడు రొప్పుతూ అక్కడికి చేరేసరికి ముందువాడు విశ్రాంతి తీసుకుని లేచి నడుస్తాడు. విశ్రాంతి అవసరమైనవాడికే అది దొరకదు. స్నేహాల్ని ఇంత సులువుగా చెడగొట్టే అలవాటు ఈ ఆటలో ఇంకోటి లేదు.

కాబట్టి బలమున్నవాడి బలం రెండే చోట్ల ఖర్చు కావాలి: మొయ్యడంలో, లాగడంలో.

మొయ్యడం సంగతి. 24 గంటల రేసులో ఒక్కో బ్యాగు నీళ్లతో కలిపి 5, 6 కిలోలుంటుంది. అందులో 2 లీటర్ల నీళ్లే 2 కిలోలు. నెమ్మదివాడి బ్యాగులోంచి మొదట పోవాల్సింది జట్టు సామాను: ఫస్ట్ ఎయిడ్, సైకిలు పంపు, తాడు. అప్పటికీ వెనకబడితే నీళ్లలో సగం. అతని విజిల్, లైటు, ఎమర్జెన్సీ దుప్పటి, కొంచెం తిండి, ఒక అర లీటరు నీళ్లు మాత్రం ఎప్పుడూ అతని దగ్గరే ఉండాలి. చీకట్లో విడిపోతే అవే దిక్కు. ఇక పద్ధతి: "బరువు ఇస్తావా?" అని అడిగితే మన వాళ్లెవరూ ఇవ్వరు. "పర్లేదు బావా, మోస్తాను" అంటారు. అడగడం మానేసి, వెనక నుంచి జిప్ తీసి తీసుకోవాలి. తీసుకుంటే కాదనకూడదని రేసుకు ముందే ఒప్పందం చేసుకోండి.

లాగడానికి టో తాడు. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి వెళ్లే జట్లు దీన్ని అవమానంగా చూస్తాయి, లేదా తప్పుగా కట్టి పళ్లు రాలగొట్టుకుంటాయి. నడకకైతే ముందువాడి బ్యాగు పట్టీ నుంచి వెనకవాడి నడుము బెల్టు దాకా ఒకటిన్నర, రెండు మీటర్ల సాగే తాడు చాలు. 4, 5 మిల్లీమీటర్ల లావు ఎలాస్టిక్ తాడు తీసుకుని, దానితోపాటు సాగని సన్నతాడు వదులుగా కలిపి ముడేయండి. ఎలాస్టిక్ తెగితే సన్నతాడు ఆపుతుంది, చివర ఉన్న కొక్కెం వెనక్కి ఎగిరి ముఖానికి తగలదు. ఎలాస్టిక్ దొరక్కపోతే సైకిలు షాపులో పాత ట్యూబు అడిగి, రెండు వేళ్ల వెడల్పున పొడవుగా కోసుకోండి. రబ్బరు ఎండి పగుళ్లు వచ్చిన ట్యూబు మాత్రం వద్దు.

సైకిలుకైతే ముందు బండి సీటు కింది రాడ్డుకు కట్టి, రెండో చివర ఒక ఉచ్చు వేయండి. వెనకవాడు ఆ ఉచ్చును హ్యాండిల్ నడిమి మెడకు ఊరికే తగిలించుకోవాలి, ముడి వేయకూడదు. చేత్తో ఒక్కసారి పైకి ఎత్తితే వదిలిపోవాలి. వదులుగా ఉన్నప్పుడు కూడా తాడు వెనక బండి ముందు చక్రానికి అందకూడదు. కొలత అంటే అదే. అందితే చక్రంలో చిక్కి బోర్లా పడతారు. లాగడం ఎత్తులోనూ చదునులోనూ మాత్రమే. దిగుడు మొదలవ్వగానే వెనకవాడు "వదిలా" అని గట్టిగా అనాలి. ఎస్.కోట నుంచి అనంతగిరి ఎక్కే ఘాట్ రోడ్డు సాధనకు బాగుంటుంది కానీ లారీలు, బస్సులు తిరిగే వేళల్లో ఆ పని పెట్టుకోవద్దు. తాటిపూడి జలాశయం చుట్టుపక్కల పల్లె రోడ్లు నయం. లాగేవాడు గేరు మార్చే ముందు చెప్పాలి, తాడు కుదుపుతో లాగకూడదు. కుదుపు తగిలిన ప్రతిసారీ వెనకవాడి నడుము, ఓపిక రెండూ అరుగుతాయి.

ఇక సిగ్గు సంగతి. దానికి ఒకటే చికిత్స: రేసుకు ముందే నలుగురూ, పరుగువాడితో సహా, ఒక్కొక్కరు గంటసేపు తాడుకు కట్టుబడి నడవాలి. గట్టివాణ్ణి నెమ్మదివాడు లాగాలి. నవ్వులాటగా ఉంటుంది, ఉండనివ్వండి. తాడు మీద ఉన్నవాణ్ణి ఎకసెక్కం చెయ్యకూడదన్న నియమం మాత్రం ఆ రోజు నుంచే మొదలు. మన వైపు స్నేహమంటే సగం వేళాకోళమే, అది నిజమే. పగలు అది బలాన్నిస్తుంది. తెల్లవారుజామున మూడింటికి అదే మాట గుచ్చుకుంటుంది, గుచ్చుకుందని ఎవరూ చెప్పరు.

ముందుండే మనిషి మ్యాపు చూసేవాడు. అతని వెనకే నెమ్మదివాడు, చివర గట్టివాడు. నెమ్మదివాణ్ణి ఆఖర్న పెడితే ఎంత వెనకబడ్డాడో ఎవరికీ తెలియదు. రెండో స్థానంలో ఉంటే మ్యాపువాడికి అడుగుల చప్పుడు, ఊపిరి వినిపిస్తుంటాయి. తనకు తెలియకుండానే వేగం సర్దుకుంటాడు. రాత్రి తల లైటును ఎవరి ముఖం మీదా వేయకుండా, మాట్లాడేటప్పుడు కిందికి తిప్పుకోండి. చిన్న విషయమే, కానీ పదిసార్లు కళ్లలో పడితే పదకొండోసారి తిట్టు వస్తుంది.

మాటల దగ్గరికొస్తే, "బాగానే ఉన్నాను" అన్న జవాబును రేసులో నిషేధించండి. అందులో సమాచారం ఏమీ లేదు. దాని బదులు అంకె. అరగంటకోసారి ఒకరు "ఎంత?" అని అడగాలి, ప్రతివాళ్లూ పదికి ఎంతో చెప్పాలి. 7 అంటే సరే. 5 అంటే వెంటనే తిండి. 4, అంతకంటే తక్కువైతే బరువు తీసేసుకోవడం, తాడు వెయ్యడం, లేదా ఐదు నిమిషాలు ఆగడం, చర్చ లేదు. ఒకడు ప్రతిసారీ 8 అంటూ కాళ్లీడుస్తుంటే అతనికి అంకెలు కాదు, మొహమాటం అడ్డొస్తోంది. అప్పుడు నోటి జవాబు వదిలి చూపు మీద ఆధారపడండి: తినడం మానేశాడా, మాట తగ్గిందా, అడుగు తడబడుతోందా.

వరసల గొడవ కూడా ఉంది. జట్టులో ఒకడు వయసులో పెద్దైతే "అన్నా, నువ్వు నెమ్మదిగా ఉన్నావు" అనడానికి చిన్నవాడికి నోరు రాదు. అన్నగారూ అడిగి చెప్పించుకోడు. ఆ ఒక్క రోజుకి "ఆగు" అన్న మాట ఎవరు ఎవరికైనా అనొచ్చు, దానికి మర్యాద చూడకూడదు అని ఒప్పుకోండి. మీ జట్టులోని అమ్మాయి విషయంలో ఇంకో జాగ్రత్త. ఆడపిల్ల కాబట్టి తాడు ఆమెకే అని ముందే తేల్చేసుకుంటారు. 18 గంటలు దాటాక నిలకడగా ఉండేది ఆమే కావచ్చు. అంకెల్ని బట్టి సాయం చెయ్యండి, మనిషిని బట్టి కాదు. ఆమె పక్కకు వెళ్లాల్సివస్తే "రెండు నిమిషాలు" అంటే చాలు, ముగ్గురూ ఎదురు దిక్కుకు తిరిగి మ్యాపు చూసుకోవాలి. కారణం అడగకూడదు. నెలసరి వస్తువులు జట్టు ఫస్ట్ ఎయిడ్ సంచిలోనే ఉంటే ఎవరినీ అడిగే పని ఉండదు.

సగం గొడవలు ఆకలివి. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోకపోతే మొదట పోయేది ఓర్పు, తర్వాత కాళ్లు. ఒక మామూలు అరటిపండు సుమారు 25 గ్రాములు. 20 గ్రాముల బెల్లం ముక్కలో సుమారు 18 గ్రాములు. భీమాలి మామిడి తాండ్రను ముక్కలు కోసి పెట్టుకుంటే ఎండకు పాడవదు, సైకిలు మీద కూడా ఒంటిచేత్తో తినొచ్చు. రాత్రికి తీపి మొహం మొత్తుతుంది, అప్పటికి ఉప్పగా ఏదైనా ఉండాలి: వేయించిన పలాస జీడిపప్పు, పులిహోర ఉండలు. ట్రాన్సిషన్ (నడక నుంచి సైకిలుకో పడవకో మారే చోటు) దగ్గర పెట్టెలో చోడి అంబలి సీసా ఉంచుకుంటే కడుపు చల్లబడుతుంది, కానీ రాత్రంతా నిలవుంటే పులిసిపోతుంది కాబట్టి మొదటి ఆగుడుకే తాగేయండి. తిండి గడియారం ఒకరి బాధ్యత. ఆ మనిషి అరగంటకోసారి "తినండి" అంటే ఆకలి లేదన్నా తినాలి. వాదన మొదలైతే కూడా ముందు తినండి, పది నిమిషాలాగి మళ్లీ వాదించుకోండి. చాలా వాదనలు అప్పటికి గుర్తుండవు.

మ్యాపు దగ్గర స్నేహం పాడయ్యే తీరు వేరు. దారి తప్పితే మ్యాపువాడు దోషి అవుతాడు. తప్పు ఒప్పుకోవడానికి మనసొప్పక "ఇంకొంచెం ముందుకెళ్దాం" అంటాడు. అరగంట తప్పు రెండు గంటలవుతుంది. దీనికి అంకెలతో కంచె వేయొచ్చు. 1:50,000 మ్యాపులో 2 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. చదునులో గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు అదనంగా ఒక గంట అన్నది కొండ నడకకు పట్టే సమయం అంచనా వేసే నైస్మిత్ లెక్క. తుప్పలున్న మన కొండల్లో, బ్యాగుతో, రాత్రిపూట ఆ వేగంలో సగమే వేసుకోండి. దారిలో ప్రతి ముక్కకూ బయల్దేరే ముందే "చెక్‌పాయింట్ 40 నిమిషాల్లో రావాలి" అని మ్యాపువాడు పైకి చెప్పాలి. 50 దాటినా రాకపోతే ఎవరూ ఎవర్నీ ఏమీ అనక్కర్లేదు; ఆగి, కచ్చితంగా తెలిసిన చివరి చోటికి, అంటే వాగు దాటిన చోటికో, రోడ్డు మలుపుకో తిరిగిపోవాలి. రెండో మనిషి వేరే మ్యాపు కాపీతో సరిచూస్తూ ఉండాలి. మిగతా ఇద్దరూ మ్యాపు గురించి నోరెత్తకూడదు. నలుగురూ వేలు పెడితే మ్యాపు చిరుగుతుందంతే. ఇంకోటి: మ్యాపువాడే కెప్టెన్ కాకపోవడం మంచిది. తల వంచి మ్యాపులో ఎత్తు చూపే కాంటూరు గీతలు చూసేవాడికి వెనక ఎవరు తూలుతున్నారో కనిపించదు.

పాదాల గురించి ఒకే నియమం: మంట తెలిసినవాడు "కాలు" అనాలి, అందరూ ఆగాలి, మూడు నిమిషాలు. అతను తడి తుడిచి, జింక్ ఆక్సైడ్ టేపు ముడతల్లేకుండా అంటించుకునే లోపు మిగతావాళ్లు తింటారు, నీళ్లు నింపుతారు. అలా ఆగడం అందరికీ పనికొచ్చినప్పుడు అతనికి తప్పు చేసినట్టనిపించదు. వరి గట్ల మీద, వాగుల్లో నడిచాక సాక్సులు మార్చే చోటు ముందే మ్యాపు మీద గుర్తుపెట్టుకోండి. గోళ్లు రేసుకు మూడు నాలుగు రోజుల ముందు కత్తిరించాలి, ముందురోజు కాదు.

పడవలో జోడీ: గట్టి, నెమ్మది కలిపి కూర్చోండి. దిశ చూసేవాడు వెనక, లయ ఇచ్చేవాడు ముందు. ఇద్దరు గట్టివాళ్లు ఒక పడవలో కూర్చుంటే రెండో పడవ కనుచూపు దాటి పోతుంది. మొగుడూ పెళ్లాలున్న జట్టైతే వాళ్లిద్దర్నీ వేరే పడవల్లో కూర్చోబెట్టడం అందరికీ క్షేమం. లైఫ్ జాకెట్ బకిల్ ఒకరిది ఒకరు లాగి చూసుకోవాలి. నాగావళి, వంశధార ఇసుక మేటలు నీళ్లు తగ్గాక నడవడానికి బాగా కనిపిస్తాయి కానీ ఊబి ఉంటుంది. ఊరివాళ్లను అడక్కుండా దిగొద్దు, పైన కొండల్లో వాన పడితే అసలొద్దు.

మందుల దగ్గర స్నేహితులే హాని చేస్తారు. నొప్పని చెప్పగానే ఒకడు జేబులోంచి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ తీసి ఇస్తాడు. చెమటతో ఒళ్లు ఎండిన మనిషికి, గంటల తరబడి కండరాలు నలిగాక, ఆ మాత్రలు కిడ్నీల మీద పడతాయి. ఉద్దానం పక్కనున్నవాళ్లకు కిడ్నీ గురించి వేరే చెప్పక్కర్లేదు. కావాలంటే పారాసిటమాల్, అదీ ఎప్పుడు వేసుకున్నాడో మ్యాపు అంచున రాసుకుని. మూత్రం కోలా రంగులోకి మారితే రేసు అక్కడితో ఆపేయాలి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు. అర లీటరులో కలిపి "గట్టిగా పనిచేస్తుంది" అనుకోవద్దు. బలవంతంగా నీళ్లు తాగించడం కూడా ప్రేమ కాదు. వేళ్లు ఉబ్బి, వికారంగా, తికమకగా మాట్లాడేవాడికి ఉప్పు లేని నీళ్లు ఎక్కువై ఉండొచ్చు. ఇంకా తాగిస్తే ప్రమాదం. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే మాత్రం వడదెబ్బ. నీడలోకి తెచ్చి, ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పోసి విసురుతూ 108కి ఫోన్.

రాత్రి కునుకు తప్పనప్పుడు 15, 20 నిమిషాలు చాలు, అలారం ఇద్దరి దగ్గర. వెచ్చగా ఉందని తారు రోడ్డు మీద పడుకోవద్దు. ఆ వెచ్చదనానికే పాములూ వస్తాయి. కట్లపాము కాటు ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు. గుడి అరుగో, బడి వరండానో చూసుకోండి, బూట్లు దులిపి తొడుక్కోండి. కాటు పడితే కోయడం, బిగించి కట్టడం వద్దు, కదలనివ్వకుండా ప్రభుత్వాసుపత్రికి. ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంట్లు, పార్వతీపురం వైపు ఏనుగులు తిరుగుతాయి కాబట్టి సాధనకు వెళ్లే ముందు అటవీ శాఖ సిబ్బందికి, దగ్గరి ఊరివాళ్లకు చెప్పి వెళ్లండి. సీతంపేట కొండల్లో సవర ఊళ్ల పోడు చేలకు అడ్డంగా నడవొద్దు. దారి దగ్గరైనా సరే.

సాధన మూడు విడతలు చాలు. మొదటిది పగలు ఆరు గంటలు. రామతీర్థం కొండలు, చుట్టూ పొలాలు. రెండోది రాత్రి ఎనిమిది గంటలు, మ్యాపుతో. మూడోది పన్నెండు గంటలు, అందులో కావాలని చెడగొట్టుకోవాలి: ఒకడు మడమ బెణికినట్టు నటించాలి, ఒక గంట మ్యాపువాడి చేతిలోంచి మ్యాపు తీసి రెండోవాడికివ్వాలి, ఒక టైరు గాలి తీసి చీకట్లో మార్చాలి. అప్పుడు ఎవరు ముడుచుకుపోతారో, ఎవరు అరుస్తారో తెలుస్తుంది. రేసు రోజున అది కొత్తగా అనిపించదు.

డబ్బు మాట కూడా కాగితం మీద పెట్టండి. ఫీజు, సైకిలు అద్దె, ప్రయాణం ఎవరిది ఎంత. చివరివారంలో ఒకరు తప్పుకుంటే ఫీజు ఎవరిది. సామాను పోతే ఎవరిది. రేసు ఓడినందుకు మాటలు మానేసిన వాళ్లకంటే మూడు వేల రూపాయల దగ్గర మానేసిన వాళ్లే ఎక్కువ ఉంటారు. తప్పుకునే షరతులు కూడా అందులోనే రాయండి: తలకు దెబ్బ, తికమక, ఆగని వాంతులు, రంగు మారిన మూత్రం. వీటిలో ఏదున్నా కెప్టెన్ మాటే ఆఖరు, ఓటింగు లేదు. తప్పుకున్న మనిషిని ఒంటరిగా వెనక్కి పంపకూడదు.

రేసు ముగిసిన రాత్రే తప్పొప్పులు మాట్లాడుకోవద్దు. రెండు రాత్రులు నిద్రపోయాక కూర్చోండి. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య అన్న మాటలు లెక్కలోకి రావని మొదలుపెట్టి, ఒక్కొక్కరు తాము దాచిన ఒక్క విషయం చెప్పాలి: ఎప్పుడు నొప్పి మొదలైంది, ఎప్పుడు చెప్పారు. ఆ రెండింటి మధ్య గంటలు వచ్చే రేసుకు తగ్గాయా లేదా చూసుకోవచ్చు. ఇంకా ముందు చెయ్యాల్సింది ఒకటుంది: కారు తాళాలు రేసులో లేని మనిషి చేతిలో పెట్టి రండి. 24 గంటలు నిద్రలేని నలుగురిలో "నాకేం కాదు, నేను నడుపుతాను" అనేవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు, వాణ్ణి వద్దనడానికి మిగతా ముగ్గురికీ మొహమాటంగానే ఉంటుంది.